పదకొండో వార్డులో వ్లాస్తా పెంచిన పిల్ల

వ్లాస్తా కూబిక్‌ను సర్కారు హోములో చేర్చిన రోజున ఆమెకు పదహారేళ్లు. తీసుకొచ్చినవాడు పెద్దన్న. ట్రక్కు దిగి, ఆమె బట్టల మూట మెట్ల మీద పెట్టి, "ఇక్కడ తిండి బాగుంటుందట" అని తమ చెక్ భాషలో ఒక్క ముక్క చెప్పి, మళ్లీ ట్రక్కెక్కాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని రోడ్డు మీద దుమ్ము అణిగేదాకా ఆమె మెట్ల మీదే నిలబడింది. ఆ తర్వాత ఆ భాషలో ఆమెతో మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు.

అలాగని అంతకుముందు మాట్లాడినవాళ్లూ పెద్దగా లేరు. మిస్సోరీ నదికి పడమటగా, కనుచూపుమేర గోధుమ చేలు తప్ప మరేమీ లేని మైదానంలో వాళ్ల ఇల్లు. పొరుగిల్లు నాలుగు మైళ్ల దూరం. వ్లాస్తాకు నాలుగేళ్లప్పుడు తల్లి జ్వరమొచ్చి పోయింది. తండ్రి, నోరు తెరిస్తే చలి లోపలికి పోతుందన్నట్టు ఉండేవాడు. అన్నలిద్దరూ తెల్లవారకముందే చేలోకి పోయి, చీకటి పడ్డాక వచ్చి, ఉర్లగడ్డల సూపు తాగి పడుకునేవాళ్లు. పగలంతా ఆ పిల్లకు తోడు కోళ్లు, రెండు ఆవులు, గాలి. మొదట్లో కిందపడితేనో భయమేస్తేనో ఏడ్చేది. ఏడిస్తే వచ్చేవాళ్లు లేరని అర్థమయ్యాక మానేసింది.

ఎనిమిదో ఏట మూడు నెలలు బడికి వెళ్లింది. అక్కడ అందరిదీ ఇంగ్లీషు. పైగా ఆమె ఎడమ చెవి చీము కారుతుండేది, ఆ పక్క నుంచి పిలిస్తే వినిపించేది కాదు. పిలిచినా పలకని పిల్ల మొండిదనుకుని టీచరమ్మ వెనక బెంచీలో కూర్చోబెట్టింది. వెనక బెంచీకి అసలే మాటా చేరేది కాదు. మంచు కురవడం మొదలయ్యాక తండ్రి బడి మానిపించాడు. మంచు కరిగాక మళ్లీ పంపడం ఎవరికీ గుర్తు రాలేదు.

తండ్రి పోయాక అన్నలు పొలం అమ్మేసి పడమటికి పోదామనుకున్నారు. చెల్లెల్ని ఏం చెయ్యాలో తోచలేదు. ఊళ్లో ఒక డాక్టరు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నలభై నిమిషాలు ప్రశ్నలడిగాడు. "ఉత్తరానికి స్టాంపు అంటించకుండా డబ్బాలో వేస్తే ఏమవుతుంది?" అన్నది వాటిలో ఒకటి. వాళ్ల ఇంటికి ఆమె పుట్టాక ఉత్తరమే రాలేదు. ఆమె డాక్టరు పెదవులు చూస్తూ కూర్చుంది. ఏడేళ్ల పిల్ల బుద్ధి అని ఆయన కాగితం మీద రాశాడు. జడ్జీ సంతకం చేశాడు. అంతే.

బుద్ధి ఎదగలేదని తేల్చినవాళ్లను ఉంచే ఆ హోములో ఆమెకు పదకొండో వార్డు ఇచ్చారు. నలభై మంది ఆడవాళ్లు, నలభై ఇనప మంచాలు. చేతుల్లో సత్తువుందని చూసి లాండ్రీ షెడ్డులో వేశారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం అయిదు దాకా దుప్పట్లు ఉడకబెట్టడం, పిండడం, ఆవిరి రోలర్లలోకి తొయ్యడం. పక్కన పనిచేసే డెల్ఫా అనే ఆవిడ దగ్గరే వ్లాస్తా ఇంగ్లీషు నేర్చుకుంది, అందువల్ల అందులో సగం తిట్లే. డెల్ఫాకు యాభై దాటాయి. చిన్నప్పుడు మూర్ఛలొస్తున్నాయని పన్నెండేళ్లకే తెచ్చి వదిలేశారు. మూర్ఛలు ఎప్పుడో పోయాయి, ఆవిడ మాత్రం ఉండిపోయింది. ఆవిడ నోటికి ఒక క్షణం విశ్రాంతి లేదు. వ్లాస్తా వినేది, తిరిగి ఏమీ అనేది కాదు.

ఆదివారాలు చుట్టాలు వచ్చే రోజులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డులో సగం మంది జుట్టు దువ్వుకుని కిటికీల దగ్గర చేరేవాళ్లు. వ్లాస్తా మొదటి ఏడాది తనూ నిలబడింది. రెండో ఏడాది నుంచి, "ఆదివారం ఇస్త్రీ ఏమైనా ఉందా?" అని తనే అడిగి పని పెట్టించుకునేది. లాండ్రీకి కిటికీలు ఎత్తున ఉంటాయి, వాటిలోంచి రోడ్డు కనబడదు.

అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

ముప్ఫై నాలుగో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక నర్సు, కంబళిలో చుట్టిన పిల్లను పట్టుకుని వార్డుకు వచ్చింది. కరువు ఏళ్లవి. పిల్లల్ని సాకలేక వదిలేసేవాళ్లు ఎక్కువై, అనాథ శరణాలయంలో తొట్లు చాలడం లేదు. వార్డు పెద్ద మిసెస్ పర్డీ కంబళి తీసి చూసి, నర్సు వైపు చూసింది.

"పద్నాలుగు నెలలని రాశారే! ఆరు నెలల పిల్లలా ఉంది."

"పద్నాలుగేనమ్మా. కూర్చోదు, బోర్లా పడదు. గిలక్కాయ ఊపినా చూడదు. బుద్ధిమాంద్యమని తేల్చారు. పెంచుకుంటామని వచ్చేవాళ్లెవరూ ఇలాంటి పిల్లను తీసుకోరు. ఎప్పటికైనా ఇక్కడికి రావాల్సిందే కదా అని ముందే పంపేశారు."

"ఇంతమంది మధ్య ఏడుస్తూ కూర్చుంటే ఎలా?"

"ఆ బాధే లేదమ్మా. ఈ పిల్లలో మంచి గుణం అదే. అసలు ఏడవదు."

ఉతికిన దుప్పట్లు మంచాల మీద పెడుతున్న వ్లాస్తా ఆ మాట దగ్గర ఆగింది.

పిల్ల పేరు ఓపల్. శరణాలయంలో ఎలా పెరిగిందో నర్సు చెబుతూ పోయింది. జబ్బులు అంటుకోకుండా తొట్టి నాలుగు వైపులా తెల్ల గుడ్డ కట్టి ఉంచుతారు. ఇరవై మంది పిల్లలకు ఒక్క నర్సు. పాలసీసా దిండుకు ఆనించి నోట్లో పెట్టి వెళ్లిపోతారు. ఎత్తుకుంటే అలవాటవుతుందని ఎత్తుకోరు. బరువు చూస్తారు, గుడ్డలు మారుస్తారు, అన్నీ వేళ ప్రకారమే. శుభ్రతకు మాత్రం వంక పెట్టడానికి లేదు.

ఖాళీ జాగా వ్లాస్తా మంచం పక్కనే ఉండటంతో తొట్టి అక్కడే వేశారు. మర్నాడు పొద్దున వ్లాస్తా లేచి చూస్తే పిల్ల కళ్లు తెరిచి కప్పు వైపు చూస్తోంది. తల అటూ ఇటూ తిప్పుతోంది, గడియారం లోలకంలా, ఆగకుండా. దిండుకు రాసుకుని తల వెనక జుట్టు ఊడిపోయి ఉంది. వ్లాస్తా చేతుల్లోకి తీసుకుంది. చెక్కముక్కలా బిగిసిపోయింది పిల్ల. ఒకరి ఒంటికి ఎలా ఆనుకోవాలో కూడా దానికి తెలియదు.

పనికి వేళైంది. వదిలి వెళ్లబుద్ధి కాలేదు. చిరిగిన దుప్పటి ఒకటి తెచ్చి పిల్లను వీపుకు కట్టుకుంది. తలుపు దగ్గర మిసెస్ పర్డీ ఎదురైంది. వ్లాస్తా నేలచూపులు చూస్తూ నిలబడింది. పర్డీ వీపు మీది పిల్లను ఒకసారి చూసి, "పని ఆగకపోతే నాకేం అభ్యంతరం లేదు" అంది.

లాండ్రీలో డెల్ఫా చూసి గట్టిగా నవ్వింది. "ఏమే, మూట కట్టుకొచ్చావు, పారిపోతున్నావా?"

వ్లాస్తా వీపు తిప్పి చూపించింది.

"ఓరి నాయనో! ఇది బొమ్మా, మనిషా? కళ్లార్పదేం?" డెల్ఫా తడి చెయ్యి ఏప్రనుకు తుడుచుకుని పిల్ల బుగ్గ మీద వేలు పెట్టింది. పిల్ల చూడలేదు. "మాట్లాడావా దీంతో?"

"లేదు."

"నోరు తెరువే మొద్దూ! పిల్లలతో మాట్లాడాలి."

"ఏం మాట్లాడను?"

"ఏది కనబడితే అది. మేజోడు కనబడితే మేజోడు అను. దానికి చిల్లుంటే చిల్లుందను. నేను నలభయ్యేళ్ల నుంచి చేస్తున్న పని అదేగా, వినేవాళ్లు లేకపోయినా!"

వ్లాస్తా ఒక మేజోడు తీసింది. చాలాసేపు దాన్నే చూసింది. చివరికి భుజం మీదుగా తల తిప్పి, "మేజోడు" అంది. ఇంకొంచెం ఆలోచించి, "చిల్లు" అంది. డెల్ఫా రోలరు ఆపి మరీ చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచి లాండ్రీలో వ్లాస్తా గొంతు వినబడటం మొదలైంది. ఇది దుప్పటి. ఇది వేడి. ఇది డెల్ఫా, దీని మాట నమ్మకు. ఇంగ్లీషు మాట దొరకనప్పుడు చెక్ మాట వేసేది. తనకు రావనుకున్న మాటలు, తల్లి నోట విన్నవి కాబోలు, పిల్లతో మాట్లాడుతుంటే ఒక్కొక్కటే పైకి వచ్చేవి.

ఇరవై రోజులకు ఓపల్ తల తిప్పడం మానేసింది. నెల దాటాక, తీగ మీద దుప్పటి టపటపా కొట్టుకుంటే అటు చూసింది. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం వ్లాస్తా పిల్లను తువ్వాళ్ల బుట్టలో కూర్చోబెట్టి నీళ్ల కోసం బయటికి వెళ్లింది. పంపు దగ్గర ఉండగా లోపలి నుంచి ఒక అరుపు. పిల్లిదేమో అనుకుంది. మళ్లీ వినబడింది. బకెట్ వదిలేసి పరుగెత్తింది. ఓపల్ బుట్ట అంచు పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, తలుపు వైపు చూస్తూ ఏడుస్తోంది. రోలర్ల దగ్గర ఆడవాళ్లంతా పని వదిలేసి చుట్టూ చేరారు.

"ఏడుస్తోందే! పిల్ల ఏడుస్తోంది!" అని డెల్ఫా గంతులేస్తోంది. "వార్డులో చెప్పి రండే ఎవరైనా!"

వ్లాస్తా ఎత్తుకోగానే ఏడుపు ఆగింది. చెక్కముక్కలా ఉండే పిల్ల మెత్తగా ఆమె మెడ మీద వాలిపోయింది. తను కనబడకపోతే ఏడ్చే మనిషి ఈ లోకంలో ఒకరున్నారని వ్లాస్తాకు ఇరవై అయిదేళ్ల వయసులో మొదటిసారి తెలిసింది. బకెట్ నిండి నీళ్లు గుమ్మం దాకా పారాయి. ఆ రోజు ఎవరూ ఆమెను తిట్టలేదు.

తర్వాత పిల్ల ఒక్క వ్లాస్తాదే కాకుండా పోయింది. నలభై మందీ దాన్ని పంచుకున్నారు. ఒకావిడ మేజోళ్లతో బొమ్మ కుట్టింది. ఇంకొకావిడ తన వంతు యాపిల్ మిఠాయి దాచి తెచ్చేది. ఎవరు అన్నం పెట్టాలన్న దాని మీద జుట్లు పట్టుకునేదాకా వెళితే, మిసెస్ పర్డీ వంతులు రాసి గోడకు అంటించింది. నడక నేర్చుకునేటప్పుడు మంచాల మధ్య ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు చేతులు చాపి కూర్చునేవాళ్లు. ఎవరి దగ్గరికి పోయినా ఓపల్ మధ్యలో ఆగి, వ్లాస్తా ఎక్కడుందో చూసుకుని, అప్పుడు మళ్లీ అడుగేసేది.

శరదృతువులో సర్కారు తరఫున పిల్లల్ని పరీక్షించే ఎక్లండ్ అనే యువకుడు వచ్చాడు. చెక్కదిమ్మలు, కప్పు, చెంచా, గుడ్డబొమ్మ ఒక పెట్టెలో తెచ్చి ఓపల్ ముందు పెట్టాడు. గంట తర్వాత తన కాగితాలు తనే నమ్మలేక మళ్లీ మొదటి నుంచి లెక్కేశాడు.

"ఏం మందిచ్చారు?" అన్నాడు.

"మందేమిటండీ!" మిసెస్ పర్డీ ఆశ్చర్యపోయింది. "వార్డులోనే ఉంది. ఆ లాండ్రీ వ్లాస్తా వెనకాల తిరుగుతుంటుంది."

ఆయన లాండ్రీకి వచ్చాడు. వ్లాస్తా పిల్లకు రొట్టె పాలలో ముంచి పెడుతోంది. ఓపల్ నోరు ఖాళీ చేసి, చెయ్యి చాపి, "యెష్తే!" అంది. ఎక్లండ్ పుస్తకంలో ఏదో రాసుకుంటూ, "అర్థం లేని శబ్దాలు ఇంకా చేస్తోందన్నమాట" అన్నాడు.

డాక్టర్ల ముందు వ్లాస్తా ఎన్నడూ నోరు విప్పింది లేదు. గిన్నె కింద పెట్టింది. "అర్థముంది" అంది. "అది మా మాట. ఇంకా కావాలంటోంది."

ఎక్లండ్ ఆమె వైపు చూశాడు. రాసింది కొట్టేశాడు. వెళ్లేముందు మంచిమాట చెబుతున్నాననుకుని చెప్పాడు. "వచ్చే ఏడాది వసంతంలో మళ్లీ వస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఎదిగితే ఈ పిల్లలో లోపమేమీ లేదని రాసిస్తాను. మంచి ఇంటికి పెంపకానికి వెళ్లిపోతుంది."

ఆ మాట వ్లాస్తా కుడి చెవికి స్పష్టంగానే వినబడింది.

చలికాలమంతా ఆమె మళ్లీ మాట తగ్గించేసింది. ఒకరోజు దుప్పట్లు మడత పెడుతూ డెల్ఫా గొంతు దించింది. "దీనికింత ఏడుపెందుకే? పరీక్షలో తప్పితే ఇక్కడే ఉంటుంది. నువ్వు చెప్పినట్టల్లా చేస్తుందిగా. చెయ్యొద్దని నేర్పించు."

"ఎలా?"

"ఆటలా నేర్పు. చెక్కముక్కలు ముందుపెడితే చేతులు దాచుకోవాలి. నువ్వు తల ఊపితేనే బయటికి తియ్యాలి. అక్కడ నువ్వు ఊపకు. అంతే!"

డెల్ఫా చెడ్డది కాదు. ఆ పిల్ల వెళ్లిపోతే తనకూ వెలితే. వ్లాస్తా సబ్బుపెట్టె చెక్కలు కోసి దిమ్మలు చేసింది. ఓపల్ రెండు రోజుల్లో ఆట నేర్చేసుకుంది. ముందు పెట్టగానే చేతులు గౌను కింద దాచేసి, నవ్వు ఆపుకుంటూ, వ్లాస్తా మొహంలోకి చూసేది. వ్లాస్తా ఊపేదాకా ఎంతసేపైనా అలాగే ఉండేది. ఎంత తెలివి కావాలి ఆ ఆటకు! ఆ తెలివి చూసినప్పుడల్లా వ్లాస్తాకు సంతోషమూ కలిగేది, తప్పు చేస్తున్నాననీ అనిపించేది. నలభై నిమిషాలు నోరు మెదపకుండా కూర్చున్న గది ఆమెకు గుర్తొచ్చేది. అప్పుడు తనను ఎవరూ చెయ్యొద్దనలేదు, చెయ్యమనీ అనలేదు. ఈ పిల్లకు చెయ్యడం వచ్చు. వచ్చిన చేతుల్ని తనే గౌను కింద దాయించి, ఇంకో నలభై ఏళ్లు లాండ్రీలో పక్కన నిలబెట్టుకోవాలి.

మే నెలలో ఎక్లండ్ వచ్చాడు. ఓపల్‌కు అప్పటికి రెండేళ్ల అయిదు నెలలు. కొత్తవాళ్లను చూసి బెదరకుండా వ్లాస్తాను కూడా గదిలో గోడ పక్కన కుర్చీలో కూర్చోమన్నారు. ఎక్లండ్ నాలుగు దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించి, కూలదోసి, "ఇప్పుడు నువ్వు కట్టమ్మా" అన్నాడు.

ఓపల్ చేతులు గౌను కిందికి పోయాయి. తల తిప్పి వ్లాస్తా వైపు చూసింది. పెదవుల చివర నవ్వు.

ఎక్లండ్ దిమ్మల్ని పిల్ల దగ్గరికి జరిపాడు. మళ్లీ కట్టి చూపించాడు. పిల్ల కదలలేదు. ఆయన పెన్సిలు తీశాడు. గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి మాత్రమే తెలిసిన ఆట అది. వ్లాస్తా చేతులు ఒళ్లో బిగించి కూర్చుంది. ఊరికే కూర్చుంటే చాలు. ఇంకేమీ చెయ్యక్కర్లేదు.

ఆమె తల ఊపింది. పిల్లకు కనబడిందో లేదోనని ఇంకోసారి గట్టిగా ఊపింది. ఊపి, లేచి, మొహం కనబడకుండా గది బయటికి వచ్చేసింది. తలుపు అవతల దిమ్మ మీద దిమ్మ పడుతున్న చప్పుడు వినబడుతోంది. నాలుగు పడ్డాయి. తర్వాత ఓపల్ అడగకుండానే అయిదోదీ పెట్టిందని ఎక్లండ్ నవ్వుతూ బయటికి వచ్చి చెప్పాడు.

జులైలో భార్యాభర్తలు కారులో వచ్చారు. ఆయనకు ఎక్కడో తూర్పున మందుల దుకాణం ఉందన్నారు. ఆవిడ చేతిలో పసుపుపచ్చ గౌను, కొత్త బూట్లు. పిల్ల గొడవ చేస్తుందని మిసెస్ పర్డీ వ్లాస్తాను ముందే లాండ్రీకి పంపేసింది. "వాళ్లు మంచివాళ్లలానే ఉన్నారే. పియానో కూడా ఉందట ఇంట్లో" అని మాత్రం చెప్పింది. వ్లాస్తా రోలరులోకి దుప్పట్లు తోస్తూనే ఉంది. వార్డు వైపు నుంచి ఒక ఏడుపు లేచి, మెట్లు దిగి, దూరమైంది. డెల్ఫా ఏదో పెద్దగా పాడటం మొదలుపెట్టింది, అది వినబడకుండా. ఎడమ చెవి మూసుకుపోయినా కుడి చెవి బాగానే పనిచేస్తుందన్న సంగతి ఆవిడకు తెలుసు.

సాయంత్రం వార్డుకు వెళ్లేసరికి తొట్టి తీసేశారు. గోడ మీద వంతుల కాగితం చింపేశారు. ఆ రోజు నలభై మందీ మామూలు కంటే తొందరగా పడుకున్నారు.

కొన్నాళ్లు వ్లాస్తా అదివరకటి వ్లాస్తాలా అయిపోయింది. కాని పూర్తిగా కాలేకపోయింది. మేజోడు చేతిలోకి తీసుకుంటే నోరు దానంతటదే తెరుచుకునేది. చెప్పడానికి వెనక ఎవరూ లేరని గుర్తొచ్చి మూసుకునేది. ఇంతకుముందు ఒంటరిగా ఉన్నప్పుడు దానికి పేరుందని ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

అక్టోబరులో నర్సు ఇంకో పిల్లవాణ్ని తెచ్చింది. పేరు లీలండ్, ఏడాది నిండింది. ఓపల్ సంగతి విని శరణాలయం వాళ్లు కావాలనే పంపారు.

"నాకొద్దు" అంది వ్లాస్తా.

మిసెస్ పర్డీ బతిమాలింది. "నిన్నే అడిగారు వాళ్లు. ఎక్లండ్ గారు నీ పేరు రాసి మరీ పంపారు."

"నాకొద్దమ్మగారూ. పెంచితే తీసుకెళ్లిపోతారు."

"పెంచకపోతే?" అంది పర్డీ. ఆవిడ దెప్పిపొడవడానికి అనలేదు. నిజంగానే అడిగింది.

వ్లాస్తా నెల రోజులు ఆ తొట్టి వైపు చూడలేదు. మిగిలినవాళ్లు తలా ఒకరోజు ఎత్తుకున్నారు. కాని రోజుకొకరి చేతుల్లో వాడు ఎవరికీ అలవాటు పడలేదు. వాడు కూడా తల అటూ ఇటూ తిప్పేవాడు. ఒకరోజు పొద్దున వ్లాస్తా పనికి బయల్దేరి తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, వాణ్ని వీపుకు కట్టుకుంది. లాండ్రీలో మొదటి దుప్పటి చేతికి వచ్చేదాకా ఊరుకుని, "దుప్పటి" అంది.

అలా ఆరేళ్లలో అయిదుగురిని పెంచింది. ఒక పిల్ల న్యుమోనియాతో పోయింది. నలుగురు నడుచుకుంటూ గేటు దాటారు. ఎవరెక్కడికి వెళ్లారో చెప్పకూడదని నియమం. వ్లాస్తా అడగనూ లేదు.

ముప్ఫై తొమ్మిదిలో ఎక్లండ్ ఆమెకే పరీక్ష పెట్టాడు. ఈసారి ఆమె మెల్లగా, ఆలోచించుకుని, అన్నిటికీ జవాబులు చెప్పింది. స్టాంపు లేని ఉత్తరం గురించి అడిగితే, "నాకెవరూ రాయరు కాబట్టి నాకు నష్టం లేదు. రాసినవాడికే నష్టం" అంది. ఆయన నవ్వాడు. నవ్వి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"నిన్నిక్కడ పెట్టాల్సింది కాదమ్మా" అన్నాడు. "చిన్నప్పుడు నీతో ఎవరైనా మాట్లాడి ఉంటే సరిపోయేది. ఆ చెవికి వైద్యం చేయించి ఉంటే సరిపోయేది."

"ఇప్పుడు బయటికి పంపుతారా?"

ఆయన కాగితాల వైపు చూస్తూ నియమం చెప్పాడు. బయటికి వెళ్లే ఆడవాళ్లు ముందుగా, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాలి. అప్పటి షరతు అది. వ్లాస్తాకు ముప్ఫై ఏళ్లు. రెండు రోజులు ఆలోచించి, వద్దంది. మరుసటి ఏడాది ఎక్లండ్ వేరే ఊరికి మారిపోయాడు. కొత్తగా వచ్చినాయన వార్డుల్లోకి పిల్లల్ని పంపడం పద్ధతి కాదని ఆపించేశాడు. డెల్ఫా నలభై ఆరులో లాండ్రీలోనే, తడిబట్టల బుట్ట పక్కన, మాట మధ్యలో ఆగిపోయింది.

ఆ షరతు తీసేసి, వ్లాస్తాను బయటికి పంపేసరికి ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. గ్రేటన్ అనే చిన్న ఊళ్లో ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం ఇప్పించారు. చెప్పుల దుకాణం పైన అద్దెకు ఒక గది. మొదటి వారం తలుపు గొళ్లెం లోపలి నుంచి పెట్టుకోవడమెలాగో తెలియక కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంది. నలభై మంది ఊపిరి చప్పుడు మధ్య నిద్రపోయిన మనిషికి ఆ గదిలో నిద్ర పట్టడానికి చాలాకాలం పట్టింది. పొద్దున లేచి కాఫీ పెట్టుకుంటూ, "ఇది కాఫీ, వేడి" అని పైకే అనేది. అని, తలుపు వైపు చూసేది, ఎవరైనా విన్నారేమోనని.

ఊళ్లో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువ. పలకరిస్తే జవాబిచ్చేది, తనంతట తాను పలకరించేది కాదు. వీధిలో పాతికేళ్ల అమ్మాయి ఎవరైనా ఎదురైతే మాత్రం ఒక్క క్షణం ఆగి మొహం చూసేది. ఆ అమ్మాయిలకు ఆమె ఎవరో తెలియదు, తల వంచుకుని పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లు.

ఒక శనివారం వాన పడుతుంటే తడవకుండా ఊరి గ్రంథాలయంలోకి వెళ్లింది. లోపల ఒక మూల చాపల మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. మిస్ హార్గ్రోవ్ అనే అమ్మాయి బొమ్మల పుస్తకం తెరిచి కథ చదువుతోంది. ఒక కుందేలుకు ఇల్లు దొరక్క ఊరంతా తిరుగుతోంది. వ్లాస్తా అరమారల మధ్య నిలబడి వింది. వాన వెలిసిన తర్వాత కూడా వెళ్లలేదు. మరుసటి శనివారం వాన లేకపోయినా వచ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం పది గంటలకు, ఉతికిన కోటు తొడుక్కుని, పిల్లల వెనక కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె ఎవరో ఒక పిల్లవాడి అమ్మమ్మ అయ్యుంటుందనుకుంది హార్గ్రోవ్. కొన్ని నెలల తర్వాత, కథ అయిపోయి తల్లులు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాక, ఆమె ఒక్కతే మిగిలి ఉండటం చూసి దగ్గరికి వచ్చింది.

"మీ మనవడు ఎవరండీ? వెళ్లిపోయాడా?"

"నాకెవరూ లేరు" అంది వ్లాస్తా.

"మరి..." అంటూ ఆ అమ్మాయి ఖాళీ చాపల వైపు చూసింది.

వ్లాస్తా మొహం ఎర్రబడింది. తప్పు చేసి దొరికినదానిలా లేచి నిలబడింది. "నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదమ్మా" అంది. "కథకోసమే వస్తున్నా. పెద్దవాళ్లు రాకూడదంటే రాను."

మిస్ హార్గ్రోవ్ ఆమెను చూసింది. చేతిలో మూసిన పుస్తకం మళ్లీ తెరిచింది. శనివారాలు మధ్యాహ్నానికే గ్రంథాలయం మూస్తారు, ఆ వేళ దాటింది. పిల్లల కోసం వేసిన చాపలు అలాగే పరిచి ఉన్నాయి.

"అయితే ఇంకోటి చదువుతా, కూర్చోండి" అంది ఆ అమ్మాయి. "నది ఒడ్డున ముంగిస కథ. ఇది నిడివి ఎక్కువని పిల్లలు వినరు."

వ్లాస్తా కోటు గుండీలు విప్పుకుని కూర్చుంది.